ఎండాకాలం గాలి తగ్గించమన్నది ఎవరండీ?

మొన్న ఆదివారం పొద్దున్నే పటమటలో ఒక బంకు దగ్గర మా స్టూడెంట్ కారుకి గాలి పట్టిస్తున్నాం. ఆవిడకి ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు, వచ్చి మూడు వారాలైంది. "నాలుగింటికీ 33 పెట్టు బాబూ" అన్నాను. ఆ కుర్రాడు మిషన్ మీద 28 నొక్కేసి, "ఎండలు చూశారా మేడం, ఎక్కువ పెడితే పేలిపోద్ది" అన్నాడు. వెనక స్కూటీ మీద ఉన్న పెద్దాయన కూడా "అవునమ్మా, వేసవిలో నాలుగు తగ్గించే పెట్టించాలి" అని తనో మాట వేశారు. మా స్టూడెంట్ బిక్కమొహం వేసి నా వంక చూసింది.

డ్రైవర్ డోరు తీసి, పక్క పిల్లర్ మీదున్న స్టిక్కరు చూపించాను. అందులో 33 అనే ఉంది. కుర్రాడు వంగి చదివి, "కంపెనీ వాళ్లకి బెజవాడ ఎండలు తెలీవు కదా మేడం" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కారునే జైసల్మేర్ ఎడారిలోనూ అమ్ముతున్నారు, స్టిక్కరు మార్చి కాదు.

పదకొండేళ్లుగా ఈ ఊళ్లో కారు నేర్పుతున్నాను. ఉగాది దాటిందంటే చాలు, ఈ గొడవ మొదలవుతుంది. మిగతా అపోహల గురించి చివర్లో నాలుగు ముక్కలు చెప్తాను గానీ, ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: ఎండకి టైరులో గాలి ఉబ్బుతుంది. ముందే తగ్గించి పట్టిస్తే పేలదు.

వాస్తవం: ఉబ్బడం నిజమే. పేలడానికి కారణం మాత్రం అది కాదు. బైండింగ్ వైరు ముక్కని చేత్తో అటూ ఇటూ వంచి తెంపుతాం కదా, తెగే ముందు అక్కడ వేలు పెడితే చురుక్కుమంటుంది. గాలి తక్కువున్న టైరు గోడకీ, అంటే పక్క భాగానికీ, అదే గతి. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలకి ఆనే చోట గోడ వంగుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ నిటారుగా అవుతుంది. నిమిషానికి కొన్ని వందల సార్లు ఇదే వరస. గాలి సరిగ్గా ఉంటే ఆ వంపు కొంచెమే. తక్కువుంటే లోతుగా వంగుతుంది. దాంతో రబ్బరు లోపలి నుంచే కాగిపోతుంది, లోపలున్న దారాల పొరలు రబ్బరు నుంచి ఊడిపోతాయి. కింద తారు రోడ్డు పెనంలా ఉంటుంది, కార్లో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, స్పీడు వంద. ఇక ఆ గోడ ఎంతసేపు ఆగుతుంది?

మా నాన్న ఆటోనగర్‌లో లారీ టైర్ల పని చేసేవారు. గాలి తక్కువతో తిరిగిన టైర్లని రిమ్ము నుంచి విప్పి బోర్లిస్తే, లోపలి నుంచి నల్లటి పొడి జలజలా రాలేది. గోడ రబ్బరు లోపలే అరిగి పొడైపోయేదన్న మాట. వేలు పెట్టి రాస్తే కాటుకలా అంటుకునేది. పైనుంచి చూస్తే గుండీలు, అంటే రోడ్డుకి ఆనే రబ్బరు గళ్లు, ఇంకా బాగానే ఉండేవి. "ఇది ఇవాళ పేలలేదే, వారం నుంచీ చస్తానే ఉంది" అనేవారు నాన్న. చిన్నప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే కారు టైరులో సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. గాలి ప్రెషరు కొలత అది, బంకులో 33 అనేది ఆ లెక్కలోనే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 33 పట్టించారు. మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండ, పైగా హైవే మీద గంట ప్రయాణం. మీటరు పెడితే 38, 39 చూపించవచ్చు. అమ్మో అనుకోకండి. టైరు గోడ మీద చిన్న అక్షరాలతో గరిష్ట ప్రెషరు అచ్చు వేసి ఉంటుంది, మామూలు కారు టైర్ల మీద అది 44 గానీ 51 గానీ ఉంటుంది. అది కూడా పేలే అంకె కాదు, చల్లగా ఉన్నప్పుడు అంతకు మించి పట్టించొద్దని. వేడికి ఎంత పెరుగుతుందో చూసుకునే కంపెనీ 33 అని రాసింది. అలాగని గోడ మీద 44 ఉందిగా అని 44 పట్టించేవాళ్లూ తగులుతుంటారు. పట్టించాల్సింది స్టిక్కరు మీది అంకె. కొన్ని కార్లలో ఈ స్టిక్కరు పెట్రోలు మూత లోపల ఉంటుంది. చాలా కార్లకి అందులో రెండు అంకెలుంటాయి, ఒకటి ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పటికి, రెండోది ఫుల్ లోడుకి. తిరుపతో అన్నవరమో ఇంటిల్లిపాదీ బయల్దేరుతుంటే రెండోది చూసుకోవాలి. మనవాళ్లు సరిగ్గా ఆ రోజే తగ్గించి పట్టిస్తారు.

గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక. ఇంటి దగ్గరి బంకు దాకా నెమ్మదిగా వెళ్తే ఫర్వాలేదు. గుంటూరు నుంచి వచ్చి, కాలుతున్న టైరులో 37 చూసి, "ఎక్కువుందండీ, తీసేసి 33 చేస్తా" అనే కుర్రాడిని మాత్రం ఆపండి. రాత్రికి చల్లారాక అది 29కి పడిపోతుంది.

కంటితో చూసి గాలి తెలుసుకోవచ్చనేది దీనికి చుట్టం లాంటి అపోహ. లారీ క్లీనర్లు రాడ్డుతో టైరు మీద కొట్టి, మోత విని చెప్పేస్తారు. వాళ్ల అనుభవం వేరు, ఆ టైర్లు వేరు. మన కార్ల రేడియల్ టైరు నిండా గాలి ఉన్నా కింద కాస్త ఉబ్బే కనిపిస్తుంది. 33కీ 26కీ తేడా నా కంటికే తెలీదు, ఎల్ బోర్డు పెట్టుకున్న మీకెలా తెలుస్తుంది? చిన్న గేజి ఒకటి కొని డాష్‌బోర్డు అరలో పడేసుకోండి. ఏ పంక్చరూ లేకపోయినా నెలకి ఒకటో రెండో తగ్గుతూనే ఉంటుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి మా మరిది ఒక కారణం. నాలుగేళ్ల క్రితం మే నెలలో పిల్లల్ని తీసుకుని ఒంగోలు బయల్దేరాడు. ఎవరో చెప్పారని గాలి 26 పెట్టించాడట. యడ్లపాడు దగ్గరకొచ్చేసరికి వెనక కుడి టైరు పేలింది. భయంతో ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. కారు తోక తిప్పుకుంటూ వెళ్లి డివైడర్‌కి గీసుకుని ఆగింది, పెయింటు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. అసలు భయపడాల్సింది ఆ తర్వాతి సంగతికి. కారు డివైడర్ పక్కన, అంటే స్పీడుగా పోయే లేన్లోనే ఉంది. "కదిపితే రిమ్ము పాడవుద్దని అక్కడే ఉంచేశా వదినా" అన్నాడు నాతో. లోపల ఏసీ వేసుకుని భార్యా పిల్లలు కూర్చున్నారు. ఇతను రోడ్డు వైపు వీపు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని జాకీ ఎక్కిస్తున్నాడు. మిర్చి బస్తాల లారీ పక్క నుంచి పోతే ఆ గాలికి జాకీ మీదున్న కారు ఊగిందట. హైవే పెట్రోలింగ్ బండివాళ్లు వచ్చి తిట్టి, కారుని పక్కకి చేర్పించారు.

నా దగ్గరే నేర్చుకున్నాడు అతను. నేను పార్కింగ్, రివర్స్, ఎత్తు మీద ఆపడం అన్నీ నేర్పాను, ఇది నేర్పలేదు. అప్పట్నుంచీ మూడో క్లాసులోనే చెప్తున్నాను.

టైరు పేలితే మోతకి గుండె ఆగినంత పనవుతుంది, కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. పోనివ్వకండి. స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకోండి. ముందు టైరైతే బండి పేలిన వైపుకి లాగుతుంది, వెనక టైరైతే తోక ఊగుతుంది. స్టీరింగుని నేరుగా ఉంచితే చాలు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీస్తే స్పీడు అదే పడిపోతుంది. ముప్పైకో నలభైకో దిగాక అద్దాలు చూసుకుని, ఇండికేటర్ వేసి, ఎడమ మార్జిన్‌లోకి రండి. అవసరమైతే ఉత్త రిమ్ము మీదే రండి. రిమ్ము కొన్ని వేలతో పోతుంది.

ఇక్కడే రెండో అపోహ, పార్కింగ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి, వేసేస్తే చాలు, వెనకవాళ్లే చూసుకుంటారని. వంద స్పీడులో వచ్చే బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు వస్తుంది. మీ లైట్లు ఆడుతున్నాయని గమనించి, బండి కదలడం లేదని అర్థం చేసుకునేసరికి రెండు సెకన్లు పోతాయి. అందుకే ట్రయాంగిల్, అంటే కారుతో వచ్చే ఎర్రటి మూడు మూలల హెచ్చరిక బోర్డు, కారు వెనకే ఆనించి పెడితే ఉపయోగం లేదు. సిటీ రోడ్డులో కనీసం 50 మీటర్లు, హైవే మీద 100 మీటర్ల వెనక పెట్టాలి. మార్జిన్ అంచునే నడుస్తూ, వచ్చే బండ్లకి కనిపించేలా దాన్ని ముందు పట్టుకుని వెళ్లండి. దానికంటే ముందు పని, అందరినీ ఎడమ డోర్ల నుంచి దింపి, రోడ్డు పక్కన రెయిలింగ్ అవతలికి పంపడం. ఎండగా ఉందని పిల్లల్ని లోపల ఉంచొద్దు, గొడుగు పట్టుకోమనండి. ఆగిన కారుని లారీ గుద్దితే ముందు నలిగేది వెనక సీటే. రాత్రిపూట టెయిల్ లైట్లకి అడ్డంగా నిలబడొద్దు.

మొదటి రోజు ప్రతి స్టూడెంట్‌నీ ట్రయాంగిల్ తీసి చూపించమంటాను. సగం మందికి అది ఉందనే తెలీదు. ఒకావిడ డిక్కీలో పెళ్లివారిచ్చిన స్టీలు గిన్నెల సంచీ కింద దొరికింది, కవరు కూడా చింపలేదు. ఇక రాళ్లూ కొమ్మలూ అడ్డం పెట్టి, బండి బాగవగానే వాటిని అక్కడే వదిలేసి పోయే మహానుభావుల గురించి ఏమనను? రాత్రి బైకు మీద వచ్చేవాడికి ఆ రాయే యమపాశం.

నేషనల్ హైవే మీద 1033కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండీ, క్రేనూ పంపిస్తారు. పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి, "కాజ టోల్ గేటు దాటాకండీ" అంటే వాళ్లు ఎక్కడని వెతుకుతారు? మోకాళ్ల మీద కూర్చుని మీరే టైరు మార్చాలని రూలేం లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నైట్రోజన్ పట్టిస్తే టైరు పేలదంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, పట్టించుకుంటే నష్టం లేదు, అది పట్టించాం కదా అని నెలనెలా చూడటం మానేస్తేనే నష్టం. గుండీలు బాగున్నాయి కాబట్టి టైరు కొత్తదేననడం మరొకటి. గోడ మీద నాలుగంకెల కోడ్ చూడండి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే వెంటనే పీకేయొద్దు, గాలి చూసుకుంటూ నెమ్మదిగా షాపు దాకా వెళ్లండి. ఇంజిన్ వేడెక్కి పొగలొస్తుంటే రేడియేటర్ మూత తిప్పొద్దు, లోపలి నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. బ్రేకు పడకపోతే ఇంజిన్ ఆపేయమంటారు, పొరపాటున కూడా ఆపొద్దు. స్టీరింగు బిగుసుకుపోతుంది, కీ పూర్తిగా తిప్పితే లాకైపోతుంది కూడా. పెడల్‌ని టకటకా కొట్టండి, ఒక్కో గేరూ దించండి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగండి. జంక్షన్లో నేరుగా వెళ్లడానికి నాలుగు ఇండికేటర్లూ వేయడం ఎవరు కనిపెట్టారో గానీ, బెంజి సర్కిల్లో రోజూ చూస్తాను. పక్కవాడికి ఒకవైపు లైటే కనిపిస్తుంది, మీరు తిరుగుతున్నారనుకుంటాడు.

నీటి సంగతి ఒక్కటి కాస్త ఆగి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నాకు వచ్చిన ఫోన్లన్నిటిలో ఒకటే ప్రశ్న, "నీళ్లు తీశాయి మేడం, ఒకసారి స్టార్ట్ చేసి చూడనా?" చూడొద్దు. సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకోదు, పిస్టన్ పైకి రాగానే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అంతవరకూ కడిగి ఆరబెడితే బాగయ్యే ఇంజిన్ అప్పుడు చేతికి రాకుండా పోతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ కవరు విడిగా తీసుకోకపోతే ఇన్సూరెన్సు వాళ్లు ఆ ఖర్చు ఇవ్వడం కష్టం. బ్యాటరీ వైరు తీసేసి, బండిని లాగించుకుని వెళ్లండి. పాపం, నాకు ఫోన్ చేసినవాళ్లలో ఇద్దరు అప్పటికే కీ తిప్పేశారు.

కేసు భయం కూడా చెప్పాలి. "రోడ్డు మీద ఎవరైనా పడుంటే ఆగొద్దు మేడం, మన మీదే రాస్తారట" అని కొత్తవాళ్లు అడుగుతారు, వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 134ఏ సెక్షన్ చేర్చారు. సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదు, మీరు ఇష్టపడితే తప్ప పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. మీ బండిని ముందు భద్రంగా ఆపి, 108కి ఫోన్ చేయండి.

ఇదంతా విని ఆదివారం నాటి ఆ స్టూడెంట్, "ఇన్ని గుర్తుండవు మేడం, నాకు టెన్షన్ ఇంకా పెరిగింది" అంది. గుర్తుపెట్టుకోవద్దు, ఒక గేజి కొనుక్కో అన్నాను. బుధవారం పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. "మేడం, నాలుగూ 33 ఉన్నాయి. స్టెప్నీలో 14 ఉంది. ఇది కూడా చూడాలా?"