అమ్మ రక్తంలో చక్కెర, బిడ్డ ఒంట్లో కొవ్వు

తల్లికి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. బిడ్డ బొద్దుగా పుట్టాడు, పదేళ్లకే బాగా లావయ్యాడు. "మా వంశంలోనే ఉంది" అంటారు ఇంట్లోవాళ్లు. ఆ మాటలో కొంత నిజముంది. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం మనుషుల బరువుల్లో కనిపించే తేడాల్లో 40 నుంచి 70 శాతం దాకా జన్యువుల వాటాయే. కానీ తల్లి బిడ్డకు ఇచ్చేది సగం జన్యువులే అయితే లెక్క తేలికగా ఉండేది. తొమ్మిది నెలలూ తన రక్తంలోని చక్కెర కూడా ఇస్తుంది. రెండూ ఒకే మనిషి నుంచి వస్తుంటే ఏది ఎంత చేసిందో ఎలా చెప్పడం? చెప్పొచ్చు. చెప్పిన తీరు చాలా అందంగా ఉంటుంది.

ముందు చక్కెర సంగతి. మాయ పొరల్లో గ్లట్-1 అనే రవాణా ప్రోటీన్లు ఉంటాయి. ఇవి గ్లూకోజ్‌ని ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు దాటిస్తాయి. తల్లి రక్తంలో పెరిగితే బిడ్డ రక్తంలోనూ పెరుగుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం మాయను దాటదు. కాబట్టి వచ్చిపడిన చక్కెరను బిడ్డ తన సొంత క్లోమంతోనే సర్దుకోవాలి. కడుపులోని బిడ్డకు ఇన్సులిన్ అంటే చక్కెరను దించే మందొక్కటే కాదు, ఒంటిని పెంచే హార్మోన్ కూడా. కోపెన్‌హాగెన్ వైద్యుడు యోర్గెన్ పెడెర్సెన్ 1952లో ప్రతిపాదించింది ఇదే: తల్లి చక్కెర, దాంతో బిడ్డ చక్కెర, దాంతో బిడ్డ ఇన్సులిన్, దాంతో బిడ్డ బరువు. కొవ్వు ఎక్కువగా చేరేది చివరి రెండున్నర నెలల్లో. అదీ భుజాలకు, పొట్టకు పడుతుంది, తల అంతగా పెరగదు. అందుకే ఇలాంటి కాన్పుల్లో తల బయటికొచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ.

ఇక జన్యువులు. 2007లో ఎఫ్‌టీఓ అనే జన్యువులో ఒక మార్పు దొరికింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అలాంటివే వచ్చినవాళ్లు, ఒక్కటీ రానివాళ్లకన్నా సగటున 3 కిలోలు ఎక్కువ బరువుంటారు. విశేషమేమిటంటే పుట్టినప్పటి బరువులో ఆ తేడా లేదు. ఏడేళ్ల వయసుకి కనిపించింది. ఇలాంటి మార్పుల్లో చాలావాటి ప్రభావం ఆకలి మీద, కడుపు నిండిందని మెదడుకి తెలిసే తీరు మీద ఉంటుంది. అంటే ఇవి ప్రధానంగా పుట్టాక, కంచం ముందు కూర్చున్నాక పనిచేస్తాయి. తల్లి షుగర్ పుట్టకముందే పని మొదలుపెడుతుంది.

ఈ రెంటినీ విడదీసి చూపించింది గ్లూకోకైనేజ్ జన్యువు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ చక్కెర మట్టాన్ని పసిగడుతుంది. మేడ మీద నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ ఎలా మట్టాన్ని చూస్తుందో అలా. మట్టం గీత దాటితే ఇన్సులిన్ వదలమని చెబుతుంది. కొన్ని కుటుంబాల్లో ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడి ఉంటుంది. అప్పుడు వాల్వ్ కడ్డీ కాస్త పైకి వంగినట్టే. ఇన్సులిన్ విడుదలవుతుంది కానీ గీత పైకి జరిగి ఉంటుంది. వీళ్లకు పరగడుపున చక్కెర పుట్టుకనుంచీ డెసిలీటరుకు సుమారు 100 నుంచి 145 మిల్లీగ్రాముల మధ్య నిలకడగా ఉంటుంది. సాధారణంగా మందులు అక్కర్లేదు.

ఇప్పుడు ఇలాంటి కుటుంబాల్లో కాన్పులు చూడండి. తల్లీ బిడ్డలవి మాయ అనే గొట్టంతో కలిపిన రెండు ట్యాంకులు. మట్టాన్ని నిర్ణయించేది తల్లి వాల్వే. బిడ్డ వాల్వ్ ఆ మట్టాన్ని చూసి ఇన్సులిన్ వదలడం వరకే. తల్లికి చెడిన ప్రతి ఉండి బిడ్డకు రాకపోతే, వచ్చే మట్టం ఎక్కువ, బిడ్డ గీత మామూలు. బిడ్డ ఇన్సులిన్ ఎక్కువ తయారుచేస్తాడు, బరువు పెరుగుతాడు. తల్లి మామూలుగా ఉండి చెడిన ప్రతి తండ్రి నుంచి వస్తే, వచ్చే మట్టం మామూలే, కానీ బిడ్డ కళ్లకది తక్కువగా కనిపిస్తుంది. ఇన్సులిన్ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. ఇద్దరికీ ఉంటే? మట్టం ఎక్కువే, గీతా ఎక్కువే, చెల్లుకు చెల్లు. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఆండ్రూ హాటర్స్‌లీ బృందం 1998లో దీన్ని కొలిచి చూపించింది. బిడ్డలో మార్పు ఉంటే బరువు 533 గ్రాములు తగ్గింది. తల్లి చక్కెర వల్ల 601 గ్రాములు పెరిగింది. ఇద్దరికీ ఉన్నచోట బరువు మామూలుగా ఉంది. జన్యువు ఒక వైపు, తల్లి రక్తం ఒక వైపు లాగుతుంటే ఇంత శుభ్రంగా కనబడే చోటు జీవశాస్త్రంలో అరుదు. మన జీవశాస్త్ర పాఠాల్లో మెండెల్ బఠాణీల పక్కన దీనికీ చోటుండాలి.

ఒక్క సంగతి మరిచిపోకూడదు. ఈ కుటుంబాల్లో పుట్టినప్పటి తేడా పెద్దయ్యాక బరువులో మిగల్లేదు. వాళ్ల చక్కెర స్వల్పంగా, నిలకడగా పెరిగినదే. ఊబకాయంతో, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో వచ్చే మామూలు షుగర్‌లో కథ అలా ముగియదు.

అమెరికాలో అరిజోనాలోని గిలా నది ఒడ్డున ఉండే పీమా ప్రజలను 1965 నుంచి గమనిస్తూ వచ్చారు. 2000లో డానా డబెలియా బృందం అక్కడి తోబుట్టువులను పోల్చింది. తల్లికి షుగర్ రాకముందు పుట్టినవాళ్లు, వచ్చాక పుట్టినవాళ్లు. జన్యువుల్లో ఇద్దరికీ ఒకే వాటా, ఒకే ఇల్లు, ఒకే వంట. అయినా తర్వాత పుట్టినవాళ్ల బీఎమ్ఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే లెక్క, సగటున 2.6 ఎక్కువ. అదే పోలిక తండ్రి షుగర్‌కు ముందు, తర్వాత పుట్టిన పిల్లల్లో చేస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. చక్కెర వాటా జన్యువుల వాటాకు అదనం అని దీంతో తేలింది.

మనకు దగ్గరగా మైసూరులో 1997-98లో మొదలైన అధ్యయనం ఇంకో మెలిక చూపించింది. షుగర్ తల్లుల పిల్లలు పెద్దగా పుట్టారు. ఏడాది నిండేసరికి మిగతా పిల్లలతో సమానమయ్యారు. ఐదేళ్లకు ఆడపిల్లల్లో చర్మం కింద కొవ్వు మళ్లీ ఎక్కువగా కనిపించింది. తొమ్మిదిన్నరేళ్లకు తేడా ఇంకా పెరిగింది. ఏడాదికి బరువు సర్దుకుంది కదా అని నిశ్చింతగా ఉంటే సరిపోదు. బరువొక్కటే చూసినా మోసపోతాం. పుణె పల్లెల్లో పిల్లలు సగటున 2.7 కిలోలతో, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలతో పుట్టారు. అంత తేడాలోనూ పుణె పిల్లల్లో తగ్గింది కండ, అవయవాలు. వీపు మీద చర్మం కింద కొవ్వు దాదాపు తగ్గలేదు. మన బిడ్డ మూడు కిలోలే ఉన్నా కొవ్వు ఎక్కువుండొచ్చు.

కాబట్టి పరీక్ష ముఖ్యం. దేశంలో ప్రభుత్వ పద్ధతి ఇది: మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24-28 వారాల్లో మరోసారి, రెంటికీ మధ్య కనీసం నాలుగు వారాలు. తిన్నా తినకపోయినా ఫర్వాలేదు. 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5-10 నిమిషాల్లో తాగాలి. రెండు గంటలకు డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ వస్తే షుగరే. పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. 75 గ్రాములంటే నీటి అంశం లేని గ్లూకోజ్. మోనోహైడ్రేట్ అని రాసి ఉంటే 82.5 గ్రాములు తీసుకోవాలి. అరగంట లోపు వాంతయితే ఆ రోజు పరీక్ష చెల్లదు, మర్నాడు మళ్లీ చేయాలి. తీసిన రక్తాన్ని మామూలు గొట్టంలో బల్ల మీద వదిలేస్తే ఎర్రకణాలు గంటకు 5-7 శాతం చక్కెరను తినేస్తాయి, 146 ఉన్నది 138గా తేలుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఇక్కడ నమ్మదగింది కాదు. గర్భంలో ఎర్రకణాల ఆయుష్షు మారుతుంది, పైగా మన గర్భిణుల్లో రక్తహీనత చాలా ఎక్కువ.

షుగరని తేలితే రెండు వారాలు ఆహార నియమం. తిన్న రెండు గంటలకు 120 లోపు రాకపోతే మెట్‌ఫార్మిన్ లేదా ఇన్సులిన్. "ఇద్దరి కోసం తినాలి" అన్న మాట అడ్డం వచ్చేది ఇక్కడే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి అదనంగా కావాల్సింది రోజుకు 350 కిలోకేలరీలు. అది ఒక మోస్తరు టిఫిన్‌తో తీరిపోతుంది. పుట్టింటివాళ్లు తెచ్చే చలిమిడి ఒక ముద్ద తింటే ఏమీ కాదు. డబ్బా తెరిచి ఉంచుకుని వారమంతా తినడం వేరు.

చికిత్సతో అన్నీ సరిపోతాయని చెప్పలేం. ఆస్ట్రేలియాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో చికిత్స వల్ల 4 కిలోలు దాటి పుట్టే పిల్లలు 21 శాతం నుంచి 10 శాతానికి తగ్గారు. కానీ అదే పిల్లల్ని 4-5 ఏళ్లకు చూస్తే బీఎమ్ఐలో తేడా లేదు. చికిత్స ఆలస్యంగా మొదలవడం ఇందుకు ఒక కారణం కావచ్చు. దక్షిణ భారత గర్భిణుల్లో జరిగిన ఒక స్కానింగ్ అధ్యయనంలో, షుగర్ బయటపడకముందే, 20 వారాలకే బిడ్డ పొట్ట గోడలో కొవ్వు మందం ఎక్కువగా కనిపించింది. ఏడో నెలలో పరీక్ష చేయించుకుంటే అప్పటికే చాలా జరిగిపోయి ఉంటుంది. మొదటి పరీక్ష మూడో నెల లోపే అయిపోవాలి.

పుట్టిన మొదటి గంటలు ఇంకో చిక్కు. బొడ్డుతాడు కోయగానే చక్కెర సరఫరా ఆగుతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం వెంటనే తగ్గదు. చక్కెర 45 కన్నా దిగువకు పడిపోవచ్చు. గంటలోపు ముర్రుపాలు పట్టాలి. పుట్టిన గంటకు మొదటిసారి, ఆ తర్వాత ప్రతి నాలుగు గంటలకు పాలు పట్టేముందు, వరసగా నాలుగుసార్లు సరిగా వచ్చేవరకు మడమ నుంచి రక్తం చూడాలి. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించే అలవాటు ఏ బిడ్డకూ మంచిది కాదు. ఈ బిడ్డకు మరీ ప్రమాదం.

కాన్పయ్యాక ఆరు వారాలకు తల్లికి 75 గ్రాముల పరీక్ష మళ్లీ చేయాలి, ఈసారి పరగడుపున. బిడ్డ టీకాలకు వెళ్లే రోజే అది చేయించుకోవచ్చు, అయినా ఎక్కువమంది మానేస్తారు. ఆ పరీక్షలో తేలేది తల్లి ఆరోగ్యమే కాదు, తర్వాతి బిడ్డ ఎంత చక్కెర మధ్య పెరగబోతున్నాడో కూడా. అందుకే రెండో కాన్పు అనుకున్నప్పుడు, గర్భం రాకముందే, మరోసారి చక్కెర చూపించుకోవాలి.