నన్ను కూర్చోబెట్టకండి

పిల్లలూ,

మొన్న వేసవి సెలవులకి వచ్చినప్పుడు, నేను మంచినీళ్ల కోసం లేచిన ప్రతిసారీ "అమ్మమ్మా నువ్వు కూర్చో, మేం తెస్తాం" అని వంటింట్లోకి పరిగెత్తేవారు, గుర్తుందా? ఆ ప్రేమకి నా కడుపు నిండిపోయింది. కానీ మీరు ఊరెళ్లేసరికి నా మోకాళ్లు అంతకుముందు కన్నా బిగుసుకుపోయాయి. అందుకే ఈ ఉత్తరం. మీ స్నేహితుల ఇళ్లలో కూడా మోకాళ్లు పట్టుకుని లేచే నానమ్మో తాతయ్యో ఉండే ఉంటారు, వాళ్లకీ చెప్పండి.

మా వయసువాళ్లం అందరం "గుజ్జు అరిగిపోయింది" అంటాం. అలా అనుకున్నాక, చెప్పు అరిగినట్టు నడిచేకొద్దీ ఇంకా అరుగుతుందని భయం పట్టుకుంటుంది, కదలడం మానేస్తాం. అసలు సంగతి వేరు. ఎముకల చివర నున్నగా ఉండే ఆ పొరకి రక్తనాళాలు ఉండవు, దానికి పోషణ అందేది కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే. కాలు మడిచి చాచినప్పుడు, అడుగు వేసినప్పుడు ఆ పొర కొంచెం నొక్కుకుని మళ్లీ పొంగుతుంది, అంట్లు తోమే స్పాంజిని నొక్కి వదిలితే నీళ్లు పీల్చుకున్నట్టు ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలకపోతే దానికి పస్తే. పైగా తొడ కండరాలు నీరసపడతాయి, అప్పుడు అవి మోయాల్సిన బరువు కూడా కీలు మీదే పడుతుంది.

నేను 78 కిలోలు ఉండేదాన్ని. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి బరువు తగ్గమన్నారు. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని పరిశోధనలో కొలిచి చూశారట. అది విని నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చేసింది. మర్నాడే మన విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లి, మెత్తగా ఉంటుంది కదా మోకాళ్లకి మంచిదే అనుకుని, పొడి ఇసుకలో గంటసేపు నడిచాను. ఇసుకలో పాదం కూరుకుపోతుంది, ఒక్కో అడుగు ఒక్కో వైపు ఒరుగుతుంది, పైగా ఒడ్డంతా సముద్రం వైపు వాలుగా ఉంటుంది. సాయంత్రానికి కుడి మోకాలు వాచిపోయి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజుల్లో ఇక నా వల్ల కాదని ఏడ్చాను కూడా.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి ఓపిగ్గా నేర్పింది. ముందు కుర్చీ. వెన్ను ఆనించి కూర్చుని ఒక కాలు తిన్నగా ముందుకి చాచి, మోకాలి పైన తొడ కండరం గట్టిపడేలా బిగించి, ఐదు సెకన్లు ఉంచి మెల్లగా దించాలి. కాలికి పదిసార్లు. అదయ్యాక చేతుల సాయం తీసుకోకుండా కుర్చీలోంచి లేచి నిలబడి, ధడేల్మని కూలబడకుండా నెమ్మదిగా కూర్చోవడం. మొదట్లో ఎత్తు కోసం కింద దిండు వేసుకుని మూడుసార్లు మాత్రమే చేయగలిగాను, మూడోసారికే తొడలు వణికేవి. ఇప్పుడు దిండు లేకుండా పది చేస్తున్నాను.

నడక మళ్లీ మొదలుపెట్టాను, కానీ ఇసుకలో కాదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు కదా, ఆ చదునైన రోడ్డు మీద మంచి బూట్లు వేసుకుని మొదట పది నిమిషాలే నడిచాను. వారానికి రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ ఇప్పుడు అరగంటకి వచ్చాను. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. మెట్లెక్కే కైలాసగిరి దారి మాత్రం మానేశాను, ఎక్కడం కన్నా దిగేటప్పుడే నా మోకాళ్లు ఎక్కువ గోల పెడతాయి.

అన్నిటికన్నా నాకు సుఖంగా అనిపించింది స్విమ్మింగ్ పూల్. ఈత రానక్కర్లేదు, పక్కనున్న గట్టు పట్టుకుని నీళ్లలో అటూ ఇటూ నడవడమే. నడుము లోతు నీళ్లలో ఒంటి బరువు దాదాపు సగమే కాళ్ల మీద పడుతుంది, ఛాతీ లోతులో ఇంకా తక్కువ. మొదటి రోజు మెట్లు పట్టుకుని దిగి ఒక్క అడుగు వేశాను, ఎప్పుడూ ఉండే ఆ పొడుపు రాలేదు. నమ్మలేక ఇంకో అడుగు వేశాను. ఎన్నేళ్ల తర్వాతో నొప్పి లేకుండా నడిచానర్రా. సముద్రం పక్కనే ఉంది కదా, పూల్ ఎందుకని చిన్నాడు అడిగాడు. వద్దు నాన్నా, ఇక్కడి అలలు లోపలికి లాగేస్తాయి, మోకాలి లోతులో నిలబడ్డవాళ్లే కొట్టుకుపోయారు.

ఇంకో మాట, వ్యాయామం ఒక్కదానితోనే బరువు పెద్దగా తగ్గదు. రెండోసారి అన్నం వడ్డించుకోవడం మానేశాను, సాయంత్రం బజ్జీలు వారానికి ఒకసారికి తెచ్చాను, పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం పప్పు, కూర ఎక్కువ. పద్నాలుగు నెలల్లో 72కి వచ్చాను. ఆరు కిలోలేనా అనకండి, నాలుగుతో గుణించి చూడండి. ఒక్కో అడుగులో దాదాపు బియ్యం బస్తా దించుకున్నట్టే.

నొప్పి అసలు రాకూడదని కాదు. చేసేటప్పుడు కాస్త సలిపితే ఫరవాలేదు, కానీ చేశాక రెండు గంటలైనా మామూలు కన్నా ఎక్కువ నొప్పి ఉంటే ఆ రోజు ఎక్కువ చేసినట్టు లెక్క, మర్నాడు తగ్గిస్తాను. కీలు ఎర్రగా, వేడిగా వాచినా, పొద్దున్నే చేతివేళ్లు బిగుసుకుపోయి గంట దాటినా వదలకపోయినా అది వేరే రకం కీళ్లవాతం కావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా అలా అంటుంటే వ్యాయామం సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని అమ్మానాన్నలకి చెప్పండి.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా కుర్చీ జారకుండా గోడకి ఆనించి పెట్టండి, అది మీ పని. కాలు చాచినప్పుడు సెకన్లు లెక్కపెట్టడం చిన్నాడి పని, పోయినసారిలా ఐదూ ఒక్క ఊపిరిలో లెక్కపెట్టేయకూడదు. నీళ్లు మాత్రం నేనే తెచ్చుకుంటాను, మీకు కావాలన్నా అడగండి, నేనే తెచ్చిస్తాను.

మీ
అమ్మమ్మ