అడిగింది మెట్టు, ప్రకటించింది ఆనందం

హ్యాపీనెస్ ర్యాంకుల రచ్చ ఏటా ఉండేదే. వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్ట్, అంటే ప్రపంచ ఆనంద నివేదిక, 2025 జాబితాలో 147 దేశాలుంటే మనది 118వ స్థానం. పాకిస్తాన్‌ది 109, నేపాల్‌ది 92. టీవీలో గంటసేపు చర్చ నడపడానికి ఈ మూడు అంకెలు చాలు. ఇదంతా మన మీద కక్ష అని ఒకాయన, ఉన్నమాటంటే ఉలుకెందుకని ఇంకొకాయన. స్టేట్ బ్యాంక్ పరిశోధన విభాగమైతే 2023లో సొంత లెక్క వేసి మరీ మన స్థానం 126 కాదు, 48 అని తేల్చింది. ఇంత గొడవలోనూ సర్వేలో జనాన్ని అసలు ఏమడిగారన్నది మాత్రం చర్చకు రాదు.

గాలప్ అనే సర్వే సంస్థ చాలా దేశాల్లో ఏటా దాదాపు వెయ్యేసి మందిని అడిగే ప్రశ్న ఇది. ఒక నిచ్చెన ఊహించుకోండి. అడుగు మెట్టు సున్నా, పై మెట్టు పది. మీకు సాధ్యమైన అతి మంచి జీవితం పైన, అతి చెడ్డ జీవితం కింద. ప్రస్తుతం మీరు ఏ మెట్టు మీదున్నారు? అంతే. మూడేళ్ల జవాబుల సగటును బట్టి ర్యాంకు ఇస్తారు. తలసరి ఆదాయం, ఆయుర్దాయం, అవినీతి వంటి ఆరు అంశాలతో ర్యాంకు కడతారని మన దగ్గర ఏటా వార్తలొస్తాయి. అది తప్పు. ఆ ఆరింటినీ వాడేది తర్వాత, జవాబులు ఎందుకలా వచ్చాయో వివరించడానికి. ర్యాంకు కట్టేటప్పుడు వాటి జోలికి పోరు.

ఈ నిచ్చెన అమెరికన్ సైకాలజిస్ట్ హ్యాడ్లీ క్యాంట్రిల్ 1960ల్లో తయారుచేసింది. దేశ ప్రగతిని సంపదతో కాక ఆనందంతో కొలవాలన్న భూటాన్ రాజుగారి ‘స్థూల జాతీయ ఆనందం’, ఆ దారిలోనే వచ్చిన ఐక్యరాజ్యసమితి తీర్మానం, 2012లో తొలి నివేదిక, ఇవన్నీ ఇప్పటికే చాలాసార్లు చదివిన సంగతులు కాబట్టి వదిలేద్దాం. (ఆ భూటాన్ 2019లో 95వ స్థానంలో నిలిచి, ఆ తర్వాత సర్వే డేటా లేక జాబితాలోంచే తప్పుకుంది.) నేటి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది ఐక్యరాజ్యసమితి వైపు కాదు, డేనియల్ కానెమన్ వైపు. ఆయన సైకాలజిస్ట్ అయ్యుండి 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు.

2004లో కానెమన్ బృందం టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినులతో ఒక పని చేయించింది. నిన్నటి రోజును సినిమాలో సీన్లలా విడగొట్టి, ఒక్కో సీన్‌లో ఏం చేస్తున్నారో, పక్కన ఎవరున్నారో, మనసెలా ఉందో రాయమన్నారు. ఇక్కడ చూసింది జీవితం మొత్తానికి వేసే మార్కులు కాదు, ఒక్కో సీన్‌లోని మనసు. స్నేహితులతో కబుర్లు, విశ్రాంతి, ప్రార్థన, భోజనం పైన నిలిచాయి. అట్టడుగున ఆఫీసుకు వెళ్లే ప్రయాణం, దానికి కాస్త పైన ఉద్యోగం. పిల్లల్ని చూసుకోవడం టీవీ చూడటం కన్నా, వంట చేయడం కన్నా కింద పడింది. మీకు పిల్లలంటే ఎంత ఇష్టం అని అడిగుంటే ఆ తల్లుల్లో ఒక్కరైనా ఇలా చెప్పేవారా? జీతమెంత, చదువెంత అన్నవి ఆ రోజు మూడ్‌ని పెద్దగా మార్చలేదు. రాత్రి సరిగా నిద్రపట్టకపోవడం, డెడ్‌లైన్ టెన్షన్ మాత్రం గట్టిగా మార్చాయి. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చేవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదనుకోండి.

అసలు మలుపు 2010. కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ కలిసి అమెరికాలో సేకరించిన 4.5 లక్షల జవాబులను పరిశీలించారు. అదృష్టం కొద్దీ ఆ సర్వేలో నిచ్చెన ప్రశ్నతో పాటు నిన్న నవ్వారా, దిగులుపడ్డారా, ఒత్తిడి అనిపించిందా అన్న ప్రశ్నలూ ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే దారులు వేరయ్యాయి. ఆదాయం పెరిగేకొద్దీ నిచ్చెన మీద మెట్టు పెరుగుతూనే పోయింది. రోజువారీ మనసు మాత్రం ఏడాదికి సుమారు 75,000 డాలర్ల దగ్గర ఆగిపోయింది. అప్పటి మారకంలో దాదాపు 34 లక్షల రూపాయలు. అంటే ‘నా జీవితం ఎలా ఉంది’ అని ఆలోచించి చెప్పే జవాబు వేరు, నిన్నంతా ఎలా గడిచిందన్నది వేరు. డబ్బు మొదటిదాన్ని కొన్నంత తేలిగ్గా రెండోదాన్ని కొనలేదు. నా దృష్టిలో నేటి ర్యాంకుల తగవంతా ఈ ఒక్క తేడాను పక్కన పెట్టడం వల్ల వచ్చిందే.

జనంలోకి మాత్రం ఆ తేడా వెళ్లలేదు, 75,000 అన్న అంకె వెళ్లింది. సియాటిల్‌లో ఒక కంపెనీ యజమాని 2015లో తన దగ్గర కనీస జీతం 70,000 డాలర్లు చేస్తానని ప్రకటించింది ఈ పరిశోధన చదివే. 2021లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు ఆ 75,000 లెక్కను సవాలు చేశాడు. 33,391 మంది ఉద్యోగుల ఫోన్లకు రోజులో ఎప్పుడంటే అప్పుడు ‘ఇప్పుడు ఎలా ఉంది?’ అని యాప్‌లో ప్రశ్న పంపి, 17 లక్షలకు పైగా జవాబులు పోగేశాడు. 75,000 దగ్గర ఏదీ ఆగలేదు, గీత పైకే వెళ్లింది. కానెమన్ ఎదురుదాడికి దిగకుండా, ఇద్దరం కలిసి చూద్దాం రమ్మన్నాడు. మధ్యవర్తిగా సైకాలజిస్ట్ బార్బరా మెల్లర్స్ కూర్చుంది. 2023లో ముగ్గురూ కలిసి చెప్పిందేమిటంటే, చాలామందికి ఆదాయంతో పాటు ఆనందం పెరుగుతూనే ఉంటుంది. అందరికన్నా దిగులుగా ఉండే 15–20 శాతం మందికి మాత్రం దాదాపు లక్ష డాలర్ల దాకా బాధ తగ్గి, ఆ పైన ఆగిపోతుంది.

చూశారా, డబ్బే ముఖ్యమని తేలిపోయిందని చాలా మంది సంబరపడ్డారు. అదే పేపర్‌లో ఇంకో మాట ఉంది. ఏడాదికి 15,000 డాలర్ల కుటుంబానికీ 2,50,000 డాలర్ల కుటుంబానికీ మధ్య ఆనందంలో తేడా వందకు సుమారు ఐదు పాయింట్లు. ఆదాయం నాలుగింతలైతే మనసుకు కలిగే మేలు, శని ఆదివారాలు వస్తే కలిగే మేలుతో దాదాపు సమానం. తలనొప్పి చేసే చెడులో అది మూడోవంతు కూడా లేదు.

ఇప్పుడు మళ్లీ నిచ్చెన దగ్గరికి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో 2024లో ఒక ప్రయోగం అచ్చయింది. సుమారు 1,600 మంది బ్రిటన్ వాసులను గుంపులుగా చేసి, ఒక గుంపుకు నిచ్చెన ప్రశ్న ఉన్నదున్నట్టు, మిగతావాళ్లకు నిచ్చెన ఊసు తీసేసో మాటలు మార్చో ఇచ్చారు. నిచ్చెన అనగానే డబ్బు, హోదా, పలుకుబడి ఎక్కువగా గుర్తొచ్చాయి. నిచ్చెన తీసేస్తే అవి తగ్గాయి. ఎక్కడం, దిగడం, పైవాడు, కిందివాడు అనే లెక్క ప్రశ్నలోనే ఉన్నప్పుడు జవాబు ఇంకెలా వస్తుంది? ఇక మన దేశంలో మెట్టు అన్న మాట వినగానే మనిషికి ఏమేం గుర్తొస్తాయో చెప్పనక్కర్లేదు.

నివేదిక రాసేవాళ్ల వాదనా ఒకటుంది. మన జీవితం గురించి నిపుణుల తీర్పు కన్నా మన తీర్పే నమ్మదగిందనీ, రోజువారీ భావోద్వేగాల అంకెలూ తాము విడిగా ఇస్తున్నామనీ అంటారు. నిజమే, ఇస్తున్నారు. కానీ శీర్షికకెక్కేది నిచ్చెన ఒక్కటే.

ఈ మోజు మన దాకా ఎప్పుడో వచ్చింది. 2018 ఏప్రిల్‌లో అమరావతిలో హ్యాపీ సిటీస్ సదస్సు జరిగింది. 2024 డిసెంబర్‌లో విడుదలైన స్వర్ణాంధ్ర–2047 పత్రం ఆరోగ్యం, సంపదలతో పాటు ఆనందాన్నీ లక్ష్యంగా పెట్టుకుంది. కొలవదలిస్తే మెట్టు కన్నా పనికొచ్చే ప్రశ్నలున్నాయి, వాటిలో ఒకటి 2025 నివేదికలోనే ఉంది. గత ఏడు రోజుల్లో తెలిసినవాళ్లతో కలిసి ఎన్ని పూటలు తిన్నారు? మధ్యాహ్నం, రాత్రి కలిపి మొత్తం 14. లాటిన్ అమెరికా సగటు తొమ్మిదికి దగ్గర. దక్షిణాసియా సగటు నాలుగు లోపే, ప్రపంచంలో అందరికన్నా తక్కువ. ఉమ్మడి కుటుంబాలు, బంతి భోజనాల గురించి గొప్పలు చెప్పుకునే మనం కూడా అందులోనే ఉన్నాం. కారణం నివేదిక తేల్చలేదు, ఇది నా ఊహ. ఆయన డ్యూటీకి టైమవుతోందని ముందు తింటాడు, పిల్లలు ఫోన్ చూస్తూ తింటారు, ఆవిడ అందరికీ వడ్డించి, పొయ్యిగట్టు తుడిచి, గిన్నె అడుగున మిగిలింది పెట్టుకుని తింటుంది. ఇల్లంతా మనుషులే, సర్వేలో మాత్రం ఎవరికి వారిది ఒంటరి భోజనం కిందే పడుతుంది. కలిసి తింటే సంతోషం వస్తుందా, సంతోషంగా ఉన్నవాళ్లే కలిసి తింటారా అన్నది ఇంకా తేలలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నను ఆడవాళ్లను, మగవాళ్లను విడివిడిగా అడిగితే వచ్చే అంకెల మీద జరగాల్సిన చర్చ, నేపాల్ మనకన్నా ఎన్ని మెట్లు పైనుందన్న చర్చ కన్నా చాలా పెద్దది.