కావలి పార్టీలు ఎక్కడికి పోయాయి? స్టాప్ వర్డ్స్ మీద అపోహలు - వాస్తవాలు

నెలకోసారైనా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "అన్నా, సెర్చ్ సరిగా రావట్లేదు, స్టాప్ వర్డ్స్ లిస్టు ఇంకొంచెం పెంచమంటావా?" వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. స్టాప్ వర్డ్స్ అంటే సెర్చ్ పట్టించుకోకుండా వదిలేసే పదాలు.

అపోహ: తరచుగా వచ్చే పదాలన్నీ ఇండెక్స్‌లోంచి (ఏ పదం ఏ రికార్డులో ఉందో చెప్పే పట్టికలోంచి) తీసేస్తేనే సెర్చ్ బాగుంటుంది.

వాస్తవం: అది డిస్క్ ఖరీదుగా ఉన్న రోజుల అలవాటు. ఎక్కువ రికార్డుల్లో ఉన్న పదానికి తక్కువ బరువు ఇవ్వాలని సెర్చ్ మీద పరిశోధన చేసిన కారెన్ స్పార్క్ జోన్స్ 1972లోనే చెప్పారు, రిజల్ట్స్‌ని వరస పెట్టే ఇప్పటి బీఎం25 సూత్రం లోపల నడిచేదీ ఆ లెక్కే, అందుకే ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్‌ని పదాలుగా విడగొట్టే స్టాండర్డ్ అనలైజర్‌లో మనం అడిగితే తప్ప స్టాప్ వర్డ్స్ పనిచేయవు. తీసేసిన పదం మళ్లీ కావాలంటే మాత్రం ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టాల్సిందే.

నెల్లూరులో ఒక బియ్యం వ్యాపారి దగ్గర పార్టీల (అంటే వ్యాపారం చేసే ఖాతాదారుల) పేర్లు, అడ్రసులు, రిమార్కులు అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టేవాళ్లు. "స్టాక్ కావాలి", "అర్జంటుగా కావాలి" అని ఎక్కడ చూసినా ఉంటోందని ఎవరో ఆ "కావాలి"ని స్టాప్ వర్డ్స్‌లో వేశారు. ఇంగ్లిష్ అక్షరాల్లో కావాలి అయినా, కావలి అయినా ఒకేలా కొడతాం కదా! కావలి ఊరు కొడితే ఒక్క పార్టీ రాలేదు. గుమాస్తానే డిలీట్ చేశాడని యజమానికి అనుమానం, పాపం ఆ గుమాస్తా రెండు రోజులు సరిగా అన్నం కూడా తినలేదట. నేను వెళ్లి టేబుల్ తెరిచి చూపిస్తే రికార్డులన్నీ అక్కడే ఉన్నాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లేదు", "కాదు" సంగతీ ఇంతే. "బాకీ లేదు"లోంచి లేదు తీసేస్తే మిగిలేది బాకీ.

"నెల్లూరు అని కొడితే సున్నా వస్తోంది, వైరస్ అంట" అనే పుకారు ఇంకొకటి. వైరస్ కాదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని పాత మైఐసామ్ రకం టేబుల్‌లో సగం, అంతకు మించిన వరసల్లో ఉన్న పదాన్ని మామూలు మాటలతో వెతికే నేచురల్ లాంగ్వేజ్ మోడ్ తనంతట తనే వదిలేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులతో వెతికే బూలియన్ మోడ్‌లో అడగండి, లేదా ఇన్నోడీబీ రకం టేబుల్‌కి మారండి.

మరీ చిన్న పదాలు రాకపోతే ముందు పదం కనీస పొడవు హద్దు చూడండి, మైఐసామ్‌లో 4, ఇన్నోడీబీలో 3 అక్షరాలు. తెలుగు లిపిలో "లో", "కి" తీసేద్దామంటారా, అవి విడిగా ఉంటే కదా! ఒంగోలులో, ఒంగోలుకి అని పదానికి అతుక్కునే ఉంటాయి, దానికి స్టెమ్మింగ్ (తోకలు తీసి అసలు పదం పట్టుకోవడం) చూసుకోవాలి.

రికార్డు కనపడక టెన్షన్ పడుతుంటే ముందు మామూలు లైక్ క్వెరీతో (అక్షరాలు నేరుగా పోల్చి చూసేది) టేబుల్‌లో వెతకండి. అక్కడ దొరికిందంటే డేటా భద్రంగా ఉన్నట్టే, సరిచేయాల్సింది ఇండెక్స్‌ని. గుమాస్తాని ఏమీ అనకండి.