పూల మందు మొదలెట్టారని మాత్రలు మానకండి

పోయిన నెల ఒకామె వచ్చి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న సీసా తీసి నా బల్ల మీద పెట్టారు. జెన్షియన్ అనే పూల మందు. ఫోన్లో వీడియో చూసి తెప్పించుకున్నారట. "ఇది వేసుకుంటున్నాను కదా అని డిప్రెషన్ మాత్రలు ఆపేశాను మేడమ్. పది రోజుల్నుంచి ఒకటే తల తిరుగుడు, కంటి మీద కునుకు లేదు. ఈ పూల మందు నాకు పడట్లేదేమో, మార్చివ్వండి" అన్నారు.

పడకపోవడం కాదమ్మా, అది ఉన్నట్టుండి మాత్రలు మానడం వల్ల వచ్చిన బాధ అని చెప్పి, ఆ మాత్రలు రాసిన డాక్టరు గారి దగ్గరికే తిరిగి పంపించాను. విశాఖ అక్కయ్యపాలెంలో 18 ఏళ్లుగా హోమియో ప్రాక్టీస్ చేస్తున్నాను, బ్యాచ్ పూల మందులూ (పూలు వేసిన నీళ్లతో చేసే చుక్కలు, మనసు స్థితిని బట్టి ఇస్తాం) ఇస్తున్నాను. ఇలాంటివాళ్లు నెలకి ఒకరైనా వస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.)

అపోహ: పూల మందు వేసుకుంటే సైకియాట్రిస్టు మాత్రలు అక్కర్లేదు.

ఈ ఒక్క మాట చేసినంత నష్టం మిగతా అపోహలన్నీ కలిసి కూడా చేయలేదు. డిప్రెషన్ మాత్ర పని మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది. ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం మొదలవుతాయి. వాటి వెనకే పాత జబ్బూ తిరగబెట్టవచ్చు. తగ్గించాలంటే రాసిన డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి.

పూల మందుల గురించి నిజం కూడా చెబుతాను. ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి చుక్కలతో, పోల్చి చేసిన పరీక్షలన్నిటినీ ఒకచోట పెట్టి చూసినవాళ్లకి, ఈ చుక్కలకీ ఆ ఉత్తుత్తి చుక్కలకీ తేడా కనపడలేదు. "మరి మీరెందుకిస్తున్నారు?" అని అడుగుతారు. ఈ పూల మందులు మొత్తం 38, ఆ సీసాల్లో ఏదివ్వాలో తేలాలంటే నేను ముప్పావుగంట కూర్చుని అడగాలి. పరీక్ష పోయినందుకు బాధా, నాన్న ముందు తలెత్తుకోలేకపోవడమా, పాసైన స్నేహితుడి మీద కోపమా? ఆ అడగడంలో మనిషి తన బాధ ఏమిటో తనే తెలుసుకుంటాడు. చాలామందికి ఇంట్లో అలా అడిగేవాళ్లు లేరు. నా దగ్గర జరిగే మేలు అక్కడ జరుగుతోందని నా నమ్మకం. మామూలు దిగులుకి అది చాలు. జబ్బుకి చాలదు.

ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ తీసుకుంటున్న కుర్రాణ్ణి వాళ్లమ్మ తీసుకొచ్చింది. రెండోసారీ పోయింది. "వీడిది లార్చ్ టైపు మేడమ్, చిన్నప్పట్నుంచీ పిరికివాడే" అని ఆవిడే మందు తేల్చేసింది. పిల్లాడు మూడు వారాలుగా సరిగా తినట్లేదు, స్నానం కూడా చెబితేనే. ఎండకి నల్లబడ్డ చేతి మీద వాచీ ఉండే చోటు మాత్రం తెల్లగా పట్టీలా కనపడింది. వాచీ ఏదిరా నాన్నా అంటే "తమ్ముడికిచ్చేశాను, నాకెందుకింక" అన్నాడు.

అమ్మని బయట కూర్చోమని సూటిగా అడిగాను, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అలా అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. అది కూడా అపోహే. వాడు బావురుమన్నాడు. ఆ సాయంత్రం నేను ఏ సీసా ఇవ్వలేదు. సైకియాట్రిస్టుకి ఫోన్ చేసి, తోడుగా వెళ్లాను. "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో" అని ఆ తల్లి దారంతా ఏడుస్తూనే ఉంది. ఆవిడ భయం నాకు తెలుసు. వాల్తేరులోని మానసిక వైద్యశాలని ఇప్పటికీ పిచ్చాసుపత్రి అనే పిలిచే ఊరు మనది. కానీ రెండు వారాలు దాటి రోజూ దిగులు, తిండీ నిద్రా పోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం ఉంటే వెళ్లి తీరాలి. చావు మాట వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

అపోహ: మనిషిది ఏ టైపో తెలిస్తే జన్మంతా అదే మందు.

ఇదేమన్నా జన్మ నక్షత్రమా? ఇంగ్లండు డాక్టరు ఎడ్వర్డ్ బ్యాచ్ మొదటి 12 మందుల్ని స్వభావాలతో ముడిపెట్టిన మాట నిజమే. 1935 కల్లా అవి 38 అయ్యాయి. తర్వాత చేర్చినవాటిలో చాలావరకు వచ్చిపోయే మనసు స్థితులకే.

హుద్‌హుద్ తుఫాను రోజులు గుర్తొస్తాయి నాకు. 2014 అక్టోబరు 12. మా వీధిలో అందరికీ ఒకే గాలి, ఒకే దెబ్బ. మర్నాడు టిఫిన్ బండి ఆయన విరిగిన చెట్టు పక్కనే స్టవ్ వెలిగించాడు. మూడు రాత్రులు నిద్ర లేకుండా చేస్తూనే ఉన్నాడు, చూస్తే ఓక్ అనే పూల మందుకి సరిపోయే మనిషి. మిషన్లు తడిసిపోయిన టైలరు "ఎదురు షాపు రేకు కూడా కదల్లేదు, అంతా నా ఖర్మే" అని తిట్టుకుంటూ కూర్చున్నాడు, అది విల్లో. నేను పగిలిన మందు సీసాల మధ్య, గడప మీద, ఇదంతా ఎప్పటికి ఎత్తుతానురా దేవుడా అని చేతులు వేలాడేసి కూర్చున్నాను. నాది ఎల్మ్. నెల తిరిగేసరికి టైలరు నవ్వుతూ పెళ్లి బట్టలు కుడుతున్నాడు, టిఫిన్ బండి ఆయన ఒళ్లు హూనమై మంచమెక్కాడు. ఆ నెల మొదట్లో వేసిన ముద్ర నెలాఖరుకి ఎవరికీ సరిపోలేదు. "మా అబ్బాయి పిరికి టైపు" అని పిల్లల ముందే అనేవాళ్లు దయచేసి ఆ మాట మానండి.

మిగతావి గబగబా.

పూల మందు హోమియో కాదు, పొటెన్సీలు (హోమియో మందుల మీద ఉండే 30, 200 లాంటి అంకెలు) ఉండవు. వాసన నూనె కూడా కాదు. అన్నీ పూలూ కావు, రాక్ వాటర్ ఉత్త ఊట నీళ్లే.

"మన పూలతో ఇంట్లో చేసుకోవచ్చా?" చేసుకోవద్దు. ఒకావిడ డాబా మీద గాజు గిన్నెలో నీళ్లు పోసి, ఎండలో గన్నేరు పూలు తేలేసి, ఆ ఫొటో గర్వంగా నాకు పంపారు. గన్నేరులో ఆకు, పువ్వు, కాయ అంతా విషమే, గుండె మీద పనిచేస్తుంది. వెంటనే ఫోన్ చేసి పారబోయించాను. ఉమ్మెత్త కూడా విషమే.

చుక్కల సీసాలో మామూలుగా బ్రాందీ ఉంటుంది. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ మాత్ర వాడుతున్నవాళ్లకి ఇది ఇవ్వకూడదు, కొద్దిపాటి ఆల్కహాల్‌కే ఒళ్లు మండి, వాంతులై, గుండె దడ వస్తుంది. భర్తకి తెలియకుండా ఆ మాత్ర కాఫీలో కలిపే ఇళ్లున్నాయి. అలా కలపడమే ప్రమాదం. అయినా కలుపుతుంటే నాకైనా చెప్పండమ్మా, నేను కోప్పడను. ఎవరొచ్చినా సరే, ఇంట్లో వాడుతున్న మాత్రల అట్టలన్నీ, ఖాళీవైనా, ఒక కవర్లో వేసుకుని రండి. ముందు అవి చూసే, మీ మాట వింటాను.