తీగ మీదికి వదిలిన ఎర్ర పెంకుపురుగులు

ఆసియా, ఆఫ్రికా ఖండాలకు చెందిన డయోస్కోరియా బల్బిఫెరా అనే పెండలం జాతి తీగ 1905లో అమెరికాలోని ఫ్లోరిడాకు చేరింది. ఆకు మొదళ్లలో బంగాళాదుంపల వంటి గాలిదుంపలు కాసే ఈ తీగను అక్కడ ఎయిర్ పొటాటో అంటారు. అదను దొరికితే రోజుకు సుమారు 20 సెంటీమీటర్లు పాకుతూ చెట్ల కొనలకెక్కి, కింది మొక్కలకు ఎండ తగలకుండా కమ్మేస్తుంది. చలికాలంలో తీగ ఎండినా నేలలోని దుంప చావదు. రాలిపడిన గాలిదుంపల్లో గోళీకాయంతవి సైతం మొలకెత్తుతాయి. కలుపుమందు కొడితే తీగ అల్లుకున్న చెట్టుకూ దెబ్బే; దుంపలు ఏరుదామంటే ఎన్ని ఏరినా కొన్ని మిగిలిపోతాయి.

అందుకే అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఈ తీగ పుట్టిన ప్రాంతాల్లోనే దాని శత్రువును వెతికారు. నేపాల్, చైనాలలో దొరికిన లిలియోసెరిస్ చెని అనే ఎర్ర పెంకుపురుగును 2011 చివరలో ఫ్లోరిడాలో వదిలారు. తల్లి పురుగు లేత ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది, జీవితకాలంలో అవి వెయ్యి దాటుతాయి. పిల్ల పురుగులు తమ మలాన్నే వీపున పూసుకుని, గుంపుగా ఒకే ఆకును పట్టి, ఈనెలు మాత్రమే మిగిలేలా జల్లెడ చేసేస్తాయి. ఎదిగాక నేలలోకి దిగి, పెద్ద పురుగుగా మారే ముందు కదలక ఉండే కోశస్థ దశ గడుపుతాయి. ఆకులు పోయిన తీగకు ఆహారం తయారుచేసుకునే శక్తి తగ్గి, దుంపలు తక్కువగా, చిన్నవిగా కాస్తాయి.

పరాయి పురుగును తెచ్చి వదలడమంటే ఎవరికైనా భయం వేయడం సహజమే. చెరకు తోటల్లో పురుగులను తింటాయని 1935లో ఆస్ట్రేలియాలో వదిలిన కప్పలు కనబడ్డవన్నీ తింటూ తామే పెద్ద బెడదగా మారాయి. ఈ పెంకుపురుగు విషయంలో మాత్రం ముందు దాని తిండినే పరీక్షించారు. ఫ్లోరిడా సహజ పెండలం జాతులతో సహా అనేక మొక్కలను దాని ముందుంచగా, దాని సంతతి ఎయిర్ పొటాటో మీద తప్ప దేనిపైనా ఎదగలేదు. నా దృష్టిలో జీవ నియంత్రణకు, అంటే ఒక జీవిని దాని సహజ శత్రువుతో అదుపు చేయడానికి, అసలు అర్హత ఈ ఏకాహారమే. పురుగు ఎంత ఆకలిగొన్నదన్నది ఆ తరువాతి మాట.

అయితే ఆకులు తినే పురుగుకు గాలిదుంపలు అంతగా చిక్కవు. తీగ విస్తరించేది ప్రధానంగా వాటి ద్వారానే గనుక, 2021లో లిలియోసెరిస్ ఎజీనా అనే రెండో జాతిని రంగంలోకి దించారు. దీని పిల్ల పురుగులు గాలిదుంపను తొలుచుకుంటూ లోపలే పెరుగుతాయి కాబట్టి దుంప మొలకెత్తే అవకాశం తగ్గుతుంది. రెండూ కలిసినా తీగ సమూలంగా అంతరిస్తుందని ఆశించలేం. తీగ పూర్తిగా పోతే పురుగుకూ తిండి ఉండదు. ఇక అక్కడే అల్లుకునే మరో పరాయి తీగ డయోస్కోరియా అలాటాను మొదటి పురుగు పట్టించుకోదు, దాన్ని మనుషులు తవ్వి తీయవలసిందే.