అయిదో రాత్రి వచ్చే కల

ఏళ్ల తరబడి తాగిన మనిషి మానేస్తే మొదటి నాలుగు రోజులూ ఒంటితోనే యుద్ధం. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గుండె దడదడలాడుతుంది. ఇంట్లోవాళ్ల కళ్లన్నీ ఆ గండం మీదే ఉంటాయి. అయిదో రోజుకి వణుకు తగ్గుతుంది, తిండి సయిస్తుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ రాత్రే, ఎన్నేళ్లుగానో రాని కల ఒకటి వస్తుంది. చిన్నప్పటి గది, తలుపు అవతల అడుగుల చప్పుడు. మనిషి తడిసిన చొక్కాతో దిగ్గున లేచి కూర్చుంటాడు.

ఆ కల కొత్తగా పుట్టింది కాదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశను రెమ్ నిద్ర అంటారు. మద్యం రాత్రి మొదటి సగంలో ఆ దశను బాగా కుదించేస్తుంది. మానేయగానే, అణిగి ఉన్న రెమ్ నిద్ర పొంగుకొస్తుంది. మానసిక గాయం ఉన్నవాళ్లకు ఆ పొంగులోనే పాత పీడకలలూ కొట్టుకొస్తాయి. మర్నాడు సాయంత్రం ఆ మనిషి మళ్లీ సీసా పట్టుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు ‘మనోబలం లేదు’ అని తేల్చేస్తారు. అతను మాత్రం నిద్రపోవడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క మందు వేసుకున్నాడు.

వ్యసనాన్ని ఇలా నొప్పి వైపు నుంచి చూడాలని 1985లో మనోవైద్యుడు ఎడ్వర్డ్ ఖాంట్జియన్ గట్టిగా వాదించాడు. దీన్ని ‘స్వీయ వైద్యం’ సిద్ధాంతం అంటారు. ఫలానా బాధకు ఫలానా మత్తు అని ఆయన చేసిన జోడింపులు తర్వాతి పరిశోధనల్లో అంత గట్టిగా నిలబడలేదు. భరించలేని భావాలను అణచుకోవడానికే చాలామంది మత్తు వైపు వెళ్తారన్న అసలు మాట మాత్రం నిలిచింది.

మత్తు మనసు నొప్పిని ఎలా తగ్గిస్తుంది? నల్లమందు జాతి మందుల్లో దీని జవాబు బాగా తేటగా కనిపిస్తుంది. మార్ఫిన్, హెరాయిన్ వెళ్లి అతుక్కుని పనిచేసే చోట్లను గ్రాహకాలు అంటారు, అవి మెదడులో పుట్టుకతోనే ఉంటాయి. మన శరీరం సొంతంగా తయారుచేసుకునే ఎండార్ఫిన్ల కోసం ఏర్పడ్డవి అవి. దెబ్బ నొప్పిని తగ్గించడం వాటి పనుల్లో ఒకటి. దగ్గరివాళ్ల స్పర్శలో, తోడులో దొరికే నెమ్మదిలోనూ వాటికి పాలుంది. 1978లో మెదడు శాస్త్రవేత్త జాక్ పాంక్‌సెప్ బృందం కుక్కపిల్లలను విడిగా ఉంచినప్పుడు అవి పెట్టే అరుపులను లెక్కించింది. మత్తుగా పడిపోయేంత కాకుండా చాలా కొద్ది మార్ఫిన్ ఇస్తే చాలు, అరుపులు తగ్గిపోయాయి. మెదడు దృష్టిలో ఎడబాటు కూడా నొప్పేనని, దాన్ని ఆ మందు తీరుస్తుందని దీని అర్థం. చిన్నప్పుడు ఒడి దొరకని మనిషి మొదటిసారి హెరాయిన్ వాడినప్పుడు ‘ఎవరో దుప్పటి కప్పినట్టుంది’ అని చెబితే, అది కవిత్వం అనుకోనక్కర్లేదు.

ఈ సంబంధం ఎంత బలమైనదో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు జరిపిన సర్వే చూపించింది. 1998లో వెలువడిన తొలి ఫలితాల్లో 9,508 మంది పెద్దల జవాబులున్నాయి. కొట్టడం, తిట్టడం, లైంగిక హింస, తల్లి మీద జరిగిన హింస, ఇంట్లో మత్తు వాడేవాళ్లు ఉండటం లాంటి ఏడు రకాల బాల్యానుభవాల గురించి అడిగారు. ఏదీ లేనివారితో పోలిస్తే, నాలుగు లేదా అంతకు మించి చవిచూసినవారికి మద్యపాన వ్యసనం, మాదకద్రవ్యాల వాడకం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా తేలింది. ఈ అంకెను పట్టుకుని ఒక మనిషి జాతకం చెప్పడం తప్పు. అది జనసమూహం లెక్క, అదీ జ్ఞాపకం మీద ఆధారపడ్డ లెక్క. అలాంటి బాల్యం గడిపి కూడా ఏ మత్తుకూ లొంగనివాళ్లు లెక్కలేనంతమంది. ఏ గాయమూ లేకుండా వ్యసనంలో పడ్డవాళ్లూ ఉన్నారు.

వంశపారంపర్యం మాటేమిటి? వ్యసనం ముప్పులో దాదాపు సగం జన్యువులదేనని కవలల అధ్యయనాలు చెబుతాయి. అయితే కవలల అధ్యయనాల్లోనే ఇంకో సంగతి బయటపడింది. జంటలో ఒకరు మాత్రమే బాల్యంలో లైంగిక హింసకు గురైతే, ఆ ఒక్కరికే పెద్దయ్యాక వ్యసనం ముప్పు ఎక్కువ. ఇల్లు అదే, జన్యువులు కలిసినవే, తేడా గాయంలో ఉంది.

పరిస్థితుల బలం ఎంతో వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులు చూపించారు. 1970ల తొలినాళ్లలో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లను పరిశీలించింది. అక్కడ ఉండగా దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు హెరాయిన్‌కు బానిసయ్యారు. ఇల్లు చేరాక మూడేళ్లలో, కొంతకాలానికైనా మళ్లీ బానిసైనవాళ్లు వారిలో 12 శాతమే. మందు గుణం ఒక్కటే వ్యసనాన్ని నడిపిస్తే ఈ అంకె రాదు. భయం, ఒంటరితనం, చేతికందే సరుకు, మూడూ ఒక్కసారే మారిపోయాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నొప్పి కోసం వేసుకున్న మందే కొన్నాళ్లకు నొప్పిని పెంచుతుంది. మత్తు పదే పదే తాకేసరికి మెదడు ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది. హాయిలో పాలున్న డోపమైన్ అనే రసాయనం స్పందన మందగిస్తుంది. మరోపక్క భయంతో ముడిపడ్డ అమిగ్డలా అనే మెదడు భాగం చుట్టుపక్కల సీఆర్ఎఫ్, డైనార్ఫిన్ అనే ఒత్తిడి రసాయనాల జోరు పెరుగుతుంది. శాస్త్రవేత్త జార్జ్ కూబ్ చాలా ఏళ్లు అధ్యయనం చేసింది ఈ చీకటి కోణాన్నే. మొదట్లో హాయి కోసం తాగిన మనిషి తర్వాత మామూలుగా ఉండటం కోసం తాగుతాడు. బాల్య గాయంతో ముందే ఎక్కువ మేలుకుని ఉన్న ఒత్తిడి వ్యవస్థ మీద ఇది రెండో పొర. అందుకే మానేసిన కొత్తలో చిన్న మాటకే కన్నీళ్లు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు. ఈ స్థితి వారాలు, కొందరిలో నెలలు ఉంటుంది. ‘మానేశాడుగా, ఇంకా ఎందుకంత చిరాకు’ అని అడిగే కుటుంబానికి ఈ ఒక్క సంగతి ముందే చెప్పినా ఎన్నో గొడవలు తప్పుతాయి.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రజితా సిన్హా అనే పరిశోధకురాలు దీన్ని ప్రయోగశాలలో కొలిచింది. కోలుకుంటున్నవారి జీవితంలో జరిగిన బాధాకర సంఘటననే కొన్ని నిమిషాల కథనంగా రికార్డు చేసి వినిపించింది. ఎదుట ఏ మత్తూ లేకపోయినా మత్తు కావాలన్న తహతహ ఎగసింది. కొకైన్ మానినవారిలో, ఈ ఒత్తిడి తహతహ ఎంత బలంగా ఉంటే అంత త్వరగా మళ్లీ మొదలుపెట్టారు.

ఇక చికిత్స. ముందుగా ప్రాణం. బాగా తాగే అలవాటున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపితే 6 నుంచి 48 గంటల మధ్య మూర్ఛలు రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం అనే అయోమయ స్థితి రావచ్చు, అది ప్రాణాంతకం. డయాజెపామ్, అల్ప్రజోలం లాంటి ఆందోళన తగ్గించే మాత్రలు ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపినా మూర్ఛల ప్రమాదం ఉంది. గదిలో పెట్టి తాళం వేయడం చికిత్స కాదు, హత్యాయత్నంతో సమానం. పీడకలకూ డెలీరియానికీ తేడా తెలియాలి: పీడకల నుంచి లేచినవాడు కాసేపట్లో తానెక్కడున్నాడో గుర్తుపడతాడు. డెలీరియంలో ఉన్నవాడు మేలుకునే ఉంటాడు గానీ చోటునీ మనుషుల్నీ గుర్తించడు, లేనివి చూస్తాడు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ థయమిన్ అనే బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు శాశ్వత నష్టం జరిగే ముప్పుంది.

హెరాయిన్ జాతి మందుల్లో ప్రమాదం మరోచోట పొంచి ఉంటుంది. మానిన కొద్ది రోజుల్లోనే తట్టుకునే శక్తి పడిపోతుంది. పాత మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైన తొలి రెండు వారాల్లో మత్తు మోతాదు మించి చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లని 2007లో తేలింది. ఈ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బుప్రినార్ఫిన్, మెథడోన్ అనే మందులు మరణాలను గణనీయంగా తగ్గిస్తాయి. ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు’ అని వాటిని ఆపించేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ఒళ్లు కుదుటపడ్డాక గాయం సంగతి. ఇక్కడ రెండు తప్పులు తరచూ జరుగుతాయి. మొదటి రోజే ‘నీకేం జరిగింది, మొత్తం చెప్పు’ అని గుంపులో కూర్చోబెట్టి తవ్వడం ఒకటి. ఆసరా లేకుండా తెరిచిన గాయంతో ఆ మనిషి సాయంత్రానికే మత్తు వెతుక్కుంటాడు. ‘ఆరు నెలలు శుభ్రంగా ఉండు, అప్పుడు గాయం గురించి చూద్దాం’ అని వాయిదా వేయడం రెండోది. ఆ గాయమే ఆరు నెలలు ఉండనివ్వదు.

నిలదొక్కుకునే పద్ధతులు ముందు నేర్పాలి. తహతహ అలలాంటిది, ఎక్కి దిగుతుంది. చాలాసార్లు అరగంటలోపే తగ్గుతుంది. అయిదేసి నిమిషాలకోసారి 0 నుంచి 10 వరకు ఒక అంకె వేసి కాగితం మీద రాస్తే, ఆ దిగడం కళ్లకు కనిపిస్తుంది. అర్ధరాత్రి కల నుంచి లేస్తే ముందు లైటు వేయాలి, రెండు పాదాలూ నేలకు ఆనించాలి, ఈ రోజు తేదీ పైకి చెప్పాలి, కనిపిస్తున్న అయిదు వస్తువుల పేర్లు చెప్పాలి. ఊపిరి నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: గాయపడ్డవాళ్లను కళ్లు మూసుకోమనకూడదు. చీకట్లో ఆ దృశ్యం ఇంకా దగ్గరికొస్తుంది. కళ్లు తెరిచి, గోడ మీద ఒక చుక్కను చూస్తూ చేయమనాలి.

మధ్యలో మళ్లీ మత్తులోకి జారితే గెంటేయడం చాలా చికిత్సా కేంద్రాల్లో రివాజు. వ్యసనం చికిత్స తర్వాత 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారు. రక్తపోటు, ఉబ్బసం రోగులు మందులు సరిగా వాడక మళ్లీ మంచాన పడే లెక్కా ఇంచుమించు ఇంతే, వాళ్లనెవరూ గెంటరు. జారిన మర్నాడు అడగాల్సింది ముందటి 24 గంటల గురించి: నిద్ర ఎంత, ఎవరు కలిశారు, ఏ మాట తగిలింది, ఆ తేదీకి ఏదైనా పాత సంగతితో ముడి ఉందా. అక్కడ దొరికే జవాబు తర్వాతి వారం చికిత్సకు పనికొస్తుంది.

గాయానికీ మత్తుకూ కలిపి చేసే చికిత్సల్లో ‘కోప్’ ఒకటి. 12 విడతలు, ఒక్కోటి 90 నిమిషాలు. 2012లో ఆస్ట్రేలియాలో 103 మందితో జరిపిన పరీక్షలో గాయం లక్షణాలు మామూలు చికిత్స కంటే ఎక్కువ తగ్గాయి. గాయం గురించి మాట్లాడిస్తే మత్తు పెరుగుతుందన్న భయం నిజం కాలేదు. తొలి విడతల్లో తహతహను దాటే నేర్పు, తర్వాత జ్ఞాపకం దగ్గరికి మెల్లగా నడక. మనిషి ఆ సంఘటనను వర్తమాన కాలంలో, ‘నేను గదిలో ఉన్నాను, తలుపు తెరుచుకుంటోంది’ అని చెబుతుంటే రికార్డు చేస్తారు. ఇంటికెళ్లి దాన్నే మళ్లీ మళ్లీ వినాలి. విన్న ప్రతిసారీ బాధకు 0 నుంచి 100 లోపు ఒక అంకె వేయాలి. మొదట 95 వేసిన చేయి కొన్ని వారాలకు అదే గొంతు, అదే గది, అదే తలుపు వింటూ 40 వేస్తుంది. ఆ వారాల్లోనే ఎప్పుడో నిద్ర ఎలా పడుతోందని అడిగితే, రాత్రి కల వచ్చిందనీ, లేచి లైటు వేసి నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాననీ చెబుతారు.